వచ్చినవారు మరల వచ్చుట యెట్లు?

మంచిర్యాల జిల్లా నస్పూరులోని బొగ్గుగనుల కాలనీనుండి ఒక సోదరి మాకు ఈ నెల దీర్ఘమైన లేఖ వ్రాసినారు. ఆమెయు, ఇరుగుపొరుగు క్వార్టర్లలోని మఱి నలుగురును కలసి క్రిందటి యేడు ఒక స్త్రీసమాజము నెలకొల్పిరట. మొదటి సమావేశమునాడు చాపలు చాలక పొరుగిండ్లనుండి తెప్పింపవలసి వచ్చినదట. ఆరు నెలలు గడచునప్పటికి చాపలు మిగులుచున్నవి. వచ్చువారు ఆ స్థాపకురాండ్రైదుగురే. దీనికి తోడుగా ఫోనులో నొక వాట్సాప్ సమూహమును పెట్టి రెండువందలమంది స్త్రీలను చేర్చిరి. అందు ఉదయమున పూలబొమ్మలతో శుభోదయములు, రాత్రి శుభరాత్రులు, నడుమ చీరల వెలలు తప్ప మాట యన్నది లేదు. “మా కాలనీ స్త్రీలకు ఆసక్తి లేదా, మాకు నేర్పు లేదా, దాపఱికము లేక చెప్పుడు” అని ఆమె యడిగినారు.

ఆసక్తి లేదను మాటను మేము నమ్మము. ఆ కాలనీలోనే ఎంగిలిపూల బతుకమ్మ మొదలు సద్దుల బతుకమ్మ వఱకు తొమ్మిది దినములు ప్రొద్దు వాలునప్పటికి ఇంటింటినుండి స్త్రీలు బయలువెడలుదురు గదా! వారికి ఆహ్వానపత్రికలు పంపినవారెవరు? తంగేడు, గునుగు, బంతి, ఏ యింటి పువ్వులు ఆ యింటివారే పేర్చుకొని వత్తురు. ఆ వలయమునకు ముందువరుస లేదు, వెనుకవరుస లేదు. ఒకరు పాట నెత్తుకొందురు, తక్కినవా రందుకొందురు; ఆమె గొంతు అలసినచో వేఱొకరు ఎత్తుకొందురు. పాట రాని క్రొత్తకోడలు చప్పట్లు తట్టుచు తిరిగినను చాలును; మూడవనాటికి పాట తానే నోటికి వచ్చును. తిరిగిపోవునపుడు ప్రసాదము పంచుకొందురు. తెచ్చుట, పాడుట, పంచుట అన్నిటను అందఱికిని చేయి యున్నది.

సోదరి తమ సమావేశముల కార్యక్రమపత్రమును గూడ పంపినారు. ప్రార్థన, స్వాగతవచనములు, ఆరోగ్యమును గూర్చి ఉపన్యాసము, వందనసమర్పణము. ఐదుగురు మాటలాడుదురు, నలువదిమంది విందురు. వినుటకు ఒకమాఱు వత్తురు. మొగమాటమునకు రెండవమాఱు వత్తురు. మూడవమాఱు పొయ్యిమీది పప్పు జ్ఞాపకము వచ్చును. తాను రాకున్నను జరిగిపోవునట్టి పనికి ఏ యిల్లాలును ఇల్లు విడిచి రాదు. రాకపోయినచో ఏదో యొకటి ఆగిపోవుననియో, “నిన్న రాకపోతివేమక్కా?” అని అడుగువా రొకరుందురనియో తెలిసినప్పుడే ఆమె కాలు కదలును. మా కీ విషయమున తోచిన ముఖ్యమైన మాట యిదియే. తక్కినవన్నియు దీనినుండి వచ్చునవే.

మొట్టమొదట వేళను గూర్చి చెప్పవలెను. ఆదివారము సాయంకాలము నాలుగు గంటలని వారు నిర్ణయించిరట. ఉద్యోగస్థులందఱు పదింటికి పోయి ఐదింటికి వచ్చునట్టి పట్టణములో ఇది బాగుగనే యుండును. బొగ్గుగనుల సంసారము అట్టిది కాదు. గనిలో ఎనిమిదేసి గంటల చొప్పున మూడు షిఫ్టులు. ఈ వారము తెల్లవాఱినంతనే పోయినవాడు మఱుసటి వారము మధ్యాహ్నమున పోవును, ఆపై వారము రాత్రికి పోవును. ఇంటి పొయ్యియు, నిద్రయు, పిల్లల బడి సన్నాహమును అతని షిఫ్టుననుసరించి తిరుగుచుండును. రాత్రి షిఫ్టు చేసివచ్చినవాడు పగలు నిద్రించుచుండగా రెండు గదుల క్వార్టరులో పిల్లలను సద్దుచేయనీయక కాపాడుటయే ఆమెకొక పెద్ద పని. ఆదివారమని యన్నను, ఇబ్బడి జీతమునకు ప్లేడే దొరకినచో ఇంటి యజమాని ఆనాడును గనికి పోవును. ఇదిగాక స్త్రీలే యిప్పుడు గనులలో ఉద్యోగము చేయుచున్నారు; భూగర్భగనులలో సాంకేతికపు పనులకు, పర్యవేక్షణపు పనులకు స్త్రీలను తీసికొనుటకు 2019లో కేంద్రప్రభుత్వము అనుమతించినది. వారికిని షిఫ్టులే. కావున ఒకే విషయమును వారములో రెండుమాఱులు, ఒకమాఱు ఉదయము పదింటికి, ఒకమాఱు సాయంకాలము, పెట్టుకొన్నచో ఏ షిఫ్టు ఇంటివారైనను ఒకదానికి రాగలరు. రెంటను పదేసిమందియే వచ్చినను తక్కువ యనుకొనరాదు.

పది యనిన జ్ఞాపకము వచ్చినది. మన రాష్ట్రములలో స్త్రీలు కూడి నడుపుకొను వ్యవస్థలలో పొదుపుసంఘముల వలె పాదుకొన్నది మఱియొకటి లేదు. నాబార్డు బ్యాంకు 1992లో దేశమంతటను 500 సంఘములను బ్యాంకులతో ముడిపెట్టుటకు ఒక ప్రయోగము నారంభించినది; నేడు తెలుగుదేశమున పొదుపుసంఘము లేని వాడ అరుదు. ఈ సంఘములు పదిమందికి తక్కువ కాకుండ, ఇరువదిమందికి మించకుండ నుండును. క్రమముగా సమావేశమగుట, క్రమముగా పొదుపు చేయుట, ఆ సొమ్మును తమలో తాము అప్పుగా నిచ్చుకొనుట, వేళకు తీర్చుట, లెక్కలు వ్రాసియుంచుట అను పంచసూత్రములు వారికి కంఠస్థములు. ఈ సంఘములందును కలతలు లేకపోలేదు. అప్పు తీర్చలేనివారిని తోడివారే నలుగురిలో చిన్నపుచ్చిన సందర్భములను గూర్చి మా పాఠకురాండ్రు మాకు వ్రాసియున్నారు. అయినను నేర్చుకొనవలసినది ఒకటున్నది. పండ్రెండుమందిలో ఒకరు రాకున్న ఆ ఖాళీ కంటికి కనబడును. రెండువందలమందిలో నూటతొంబదిమంది రాకున్నను తెలియదు.

పూర్వపు సంగతి కొంత చెప్పుట అప్రస్తుతము కాదనుకొందుము. 1902లో భండారు అచ్చమాంబగారు ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలసి మచిలీపట్టణమున బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. బడికి పోయి చదువుకొనిన ఇల్లాలు కారామె. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి తోడ్పాటుతో ఇంటనే చదువు నేర్చి ‘అబలాసచ్చరిత్రరత్నమాల’ను రచించినవారు. ఊళ్లు తిరిగి స్త్రీలను కలసికొని వారిచే సమాజములు పెట్టించిరి. 1905లో ముప్పదియేండ్ల ప్రాయముననే ఆమె గతించిరి. అదే 1902లో సత్తిరాజు సీతారామయ్యగారు ‘హిందూసుందరి’ పత్రికను ప్రారంభించిరి. కొన్నియేండ్లకు దాని సంపాదకత్వమును మొసలికంటి రమాబాయమ్మగారును, వెంపల శాంతాబాయిగారును వహించిరి. అనగా చదువరులుగా నుండిన స్త్రీవర్గమునుండియే పత్రికను నడుపువారు వచ్చిరన్నమాట. తెలంగాణమున 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ కూడినప్పుడు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను స్త్రీలసభ వేఱుగా జరిగినది. రైలు లేని ఊళ్లనుండి, ఘోషా పాటించు కుటుంబములున్న ఆ కాలమున, స్త్రీలు సభకు వచ్చుట యెంత కష్టమో ఊహించుకొనవచ్చును.

ఇక పిలుపును గూర్చి. సోదరి ఫోనులో పంపుచున్న ప్రకటనలను చూచితిమి: “సభ్యులందఱు తప్పక హాజరు కాగలరు.” అందఱికని వ్రాసినది ఎవరికిని అందదు. గనిలో మస్టరు పడకపోయిన జీతము పోవును గనుక పురుషులు పోవుదురు. మన సమాజమునకు ఆ బెదరింపు పనికిరాదు. కనుపర్తి వరలక్ష్మమ్మగారు ‘గృహలక్ష్మి’ పత్రికలో ‘శారద లేఖలు’ వ్రాసినప్పుడు వేలకొలది స్త్రీలను ఉద్దేశించి ఉపన్యసింపలేదు. శారద యను ఒక స్త్రీ తన చెలికి జాబు వ్రాసినట్లు వ్రాసిరి. చదివిన ప్రతి స్త్రీయు ఆ జాబు తనకే వచ్చినదనుకొన్నది. 1934లో ఆ పత్రికవారు గృహలక్ష్మి స్వర్ణకంకణమును నెలకొల్పి, మొదట ఆమెకే తొడిగిరి. ఫోనులోని సమూహమున 1024 మంది వఱకు చేర్చు వీలున్నదట. వీలున్నదని చేర్చుట దేనికి? ఐదుగురు స్థాపకురాండ్రును తలకు పదేసి యిండ్లు పంచుకొని, పేరుపెట్టి పిలిచి, “వదినె, నీవు కిందటిమాఱు చెప్పిన ఆవకాయ లెక్క ఈమాఱు వ్రాసికొని రావలె” అని ఒక్కొక పని అప్పగించుట మేలు. మాటలాడుటకు జంకువారికి చాపలు పఱచుటయో, వచ్చినవారి పేరులు వ్రాయుటయో చాలును. ప్రశ్న అడుగుట తెలిసిన యామె ఉపన్యాసకురాలికంటె సమాజమునకు ఎక్కువ మేలు చేయును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వచ్చిన స్త్రీలు వాచకములోని సారా పాఠమును చదివి ఊరకుండక తమ యిండ్ల సంగతి ప్రశ్నించుకొనిరి గనుకనే సారాదుకాణము మూతపడినది. ఆ నిప్పు జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషిద్ధమైనది. అక్షరములు నేర్పబోయినవారు ఇంత జరుగునని తలపోసియుండరు.

నస్పూరు సోదరి లేఖలో ఒక వాక్యము మమ్ము కలవరపెట్టినది. గనిలో ప్రమాదమను వార్త పుట్టినప్పుడల్ల వారి సమూహమునకు ఎక్కడివో బొమ్మలు, ఎవరివో పేరులు నిమిషములలో వచ్చి పడుచున్నవట. భర్త షిఫ్టులో నున్న స్త్రీ వానిని చూచి ఏమగును? 2021 నవంబరు 10వ తేదీన శ్రీరాంపురపు ఎస్.ఆర్.పి. 3 గనిలో పైకప్పు కూలి నలుగురు కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. అట్టి దినమున సమాజము చేయదగిన పని మొదట నోరు కట్టుకొనుట. గనినుండి స్థిరముగా తెలియువఱకు ఎవరును ఏమియు ముందుకు పంపరాదని సమాజమంతయు కూర్చుండి ముందుగనే కట్టడి చేసికొనవలెను. దానిని కనిపెట్టుటకు ఇద్దఱను నియమింపవలెను. రెండవది, ఏ యింటి మగవాడు ఆనాడు ఏ గనిలో, ఏ షిఫ్టులో నున్నాడో ఆ వరుసలోని యొక స్త్రీకి తెలిసియుండవలెను. ఎవరి పిల్లలను ఎవరు బడినుండి తెచ్చెదరు, ముసలి అత్తగారిదగ్గఱ ఎవరు కూర్చుందురు, ఏ యింటికి ఎవరు అన్నము పంపెదరు? ఇవి ఆపద వచ్చిననాడు విచారించుకొనిన కుదురునవి కావు. మామూలు దినములలో ఆవకాయలెక్కలు చెప్పుకొన్న స్త్రీలే ఆనాడు ఒకరి గడప నొకరు అడుగకయే త్రొక్కగలరు. ఆవకాయను, అల్లికను అల్పవిషయములని కొందఱు చదువుకొన్న సోదరీమణులు చిన్నచూపు చూతురు. మేము వారితో ఏకీభవింపము.

గనికాలనీకి మఱియొక చిక్కున్నది. క్వార్టరు ఉద్యోగమున్నంత కాలమే. యజమాని దిగిపోయిన పిమ్మట దానిని ఖాళీచేసి, ముప్పదియేండ్లు కలసి బ్రతికిన స్త్రీలు మంచిర్యాలకొకరు, స్వగ్రామమునకొకరు, కొడుకు ఉద్యోగమున్న హైదరాబాదునకొకరుగా చెదరిపోవుదురు. సింగరేణి ఉద్యోగుల సంఖ్య 1990వ ప్రాంతమున లక్షకు పైబడియుండినది, నేడు నలువదివేల దరిదాపులకు దిగినది. ఒక్కొక వరుసలో తాళము పడిన క్వార్టరులు మూడు, నాలుగు కానవచ్చుచున్నవని మా లేఖకురాలు వ్రాసినారు. ఈ స్థితిలో ఐదుగురిమీదనే నిలిచిన సమాజము ఆ యైదుగురు పోయిననాడు తానును పోవును. కార్యదర్శి పని ఆరుమాసములకొకమాఱు చేతులు మాఱవలెను. క్రొత్తకోడండ్రలో ఒకరు తప్పక అందు ఉండవలెను. పోయినవారి పేరులను పట్టికనుండి కొట్టివేయరాదు. ఫోను నిజముగా అక్కఱకు వచ్చునది ఇక్కడనే. స్వగ్రామములో ఒంటరిగా నున్న పెద్దమ్మకు వారమునకొక మాఱు పిలుపు చేయుట ఒకరి వంతుగా పెట్టుకొనవచ్చును.

చివరగా సోదరి అడిగిన చిన్నప్రశ్న యొకటి మిగిలియున్నది. సమాజమునకు గౌరవము కలుగుటకై ఒక పెద్ద అధికారి భార్యను శాశ్వతాధ్యక్షురాలిగా ఎన్నుకొందుమా యని. ఆమె ఎంత మంచివారైనను వలదనియే మా సలహా. ఆమె ఎదుట కార్మికుని భార్య తన యింటి మాట చెప్పదు. చెప్పినను మఱునాడు భర్త కోపించును. ఆమెను అందఱివలె చాపమీద కూర్చుండుటకు పిలువుడు. వచ్చినచో ఆమె కుట్టుపని బాగుగ నెఱిగినదియైనను కావచ్చును, అది నేర్పింపుడు. అధ్యక్షపీఠము మాత్రము ఏ వారమునకు ఆ వారము, ఆనాడు ఎవరి యింట కూడిరో ఆ యింటి యిల్లాలిది.

షిఫ్టుల చిక్కును మందమఱ్ఱి, బెల్లంపల్లి, గోదావరిఖని కాలనీల సోదరీమణులు ఎట్లు తీర్చుకొనుచున్నారో మాకు వ్రాసినచో ఆ లేఖలను నస్పూరునకు పంపెదము. రాత్రి షిఫ్టు వారమున ఏ వేళ అనుకూలమో ముఖ్యముగా తెలుపవలెను.