అగ్గిపుల్లకు ఆసరా

ఒకప్పుడు అగ్గిపెట్టె లేని ఇల్లు ఉండేది కాదు. ఇప్పుడు వంటింట్లోకి గ్యాసు లైటరు వచ్చింది. అయినా పూజగదిలో దీపారాధనకు, కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తికి మనం వెతుక్కునేది అగ్గిపెట్టెనే. ఈసారి చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక్క క్షణం దాన్ని తిప్పి చూడండి. మన దక్షిణ జిల్లాలలో అమ్మే చాలా పెట్టెల మీద చిన్న అక్షరాలతో కోవిల్‌పట్టి, శివకాశి, సాత్తూరు లాంటి పేర్లే కనబడతాయి. మూడూ మనకు పరాయి ఊళ్ళు కావు.

మనవాళ్ళు ఈ నల్లరేగడి సీమకు వచ్చి కొన్ని వందల ఏళ్ళయింది. కమ్మవారు, రాజులు, కంబళ నాయకులు, ఇంకా ఎందరో వచ్చి కోవిల్‌పట్టి, విరుదునగర్, రాజపాళయం చుట్టూ స్థిరపడ్డారు. ఆ వలస కథను మనవాడే అయిన కి. రాజనారాయణన్ గారు తమిళంలో నవలలుగా వ్రాసి, 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి అందుకున్నారు. ఆయన పుట్టిన ఇడైసెవల్ కోవిల్‌పట్టి ప్రక్కనే ఉంది. వచ్చినవాళ్ళు నమ్ముకున్నది భూమిని. భూమి నమ్ముకున్నది వానను. ఆ వాన మాత్రం ఎప్పుడూ అంతంతమాత్రమే. ప్రత్తి, కంబు, జొన్న పండితే పండినట్టు, లేకపోతే లేదు. పంట లేని నెలల్లో ఇంటిల్లిపాదీ ఏం తినాలన్న ప్రశ్నకు ఈ సీమ కనుక్కున్న జవాబులలో అగ్గిపెట్టె ఒకటి. వాన తక్కువైన పొడిగాలి పంటకు శాపం, తడి మందు పూసిన పుల్ల ఆరడానికి మాత్రం వరం.

ఇది చిన్న వస్తువే గాని, దీని వెనుక ఉన్న విజ్ఞానం చిన్నది కాదు. మెత్తటి కలప నుంచి చీల్చిన పుల్లలను చట్రంలో వరుసగా పేర్చి, కొసలను ముందు మైనంలోను, తరువాత మందులోను ముంచుతారు. ఆ మందులో పొటాషియం క్లోరేటు, గంధకం, జిగురు మొదలైనవి ఉంటాయి. అంటుకోవడానికి కావలసిన ఎర్ర భాస్వరం మాత్రం పుల్ల మీద ఉండదు, పెట్టె ప్రక్కన పూస్తారు. రెండింటినీ విడదీసి ఉంచడమే సేఫ్టీ అగ్గిపుల్ల రహస్యం. పుల్లలు పేర్చడం, పెట్టెలు అతికించడం, నింపడం అన్నీ చేతిపనులుగా ఉన్న రోజులలో ఆ చేతులు చాలావరకు ఆడవాళ్ళవి. వాటిలో పసిచేతులు కూడా ఉండేవి. ఆ సంగతి తరువాత చెప్పుకుందాం.

ఈ పరిశ్రమ ఇంత కాలం నిలిచిందంటే దానికి కష్టపడిన మనుషులతో పాటు ప్రభుత్వాల చేయూత కూడా కారణం. ఆ చేయూత ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నదే ఈసారి మన విచారణ.

మొదటి చేయూత గోడ. 1922లో బ్రిటిషు ప్రభుత్వం ఖజానా నింపుకోవడానికి విదేశీ అగ్గిపెట్టెల మీద గ్రోసుకు, అంటే 144 పెట్టెలకు, రూపాయిన్నర దిగుమతి సుంకం వేసింది. పరిశ్రమను పెంచాలన్న ఉద్దేశం అందులో లేదు. కాని గోడ కట్టినవాడి ఉద్దేశం ఏదైనా, దాని నీడలో మొక్క మొలవక మానదు. ఆ రోజులలోనే శివకాశికి చెందిన అయ్య నాడారు, షణ్ముగ నాడారు కలకత్తా వెళ్ళి ఈ పని నేర్చుకుని వచ్చి, తమ ఊళ్ళో మొదలుపెట్టారు. అదే గోడను దాటడానికి స్వీడిషు కంపెనీ వారు ఇంకో దారి చూసుకున్నారు. 1923లో ఇక్కడే విమ్కో అనే కంపెనీ పెట్టి, గోడ లోపలికే వచ్చి కూర్చున్నారు. ఒకవైపు పెద్ద యంత్రాలు, మరోవైపు మన పల్లెటూరి చేతులు. ఆ పోటీ అప్పుడు మొదలైంది.

రెండో చేయూత పన్నులో తేడా. 1934లో దేశంలో తయారైన అగ్గిపెట్టెల మీద కూడా ఎక్సైజు సుంకం వచ్చింది. తరువాతి కాలంలో చిన్న కర్మాగారాలకు, చేతితో చేసేవారికి తక్కువ సుంకం, యంత్రాలతో చేసేవారికి ఎక్కువ సుంకం అనే పద్ధతి స్థిరపడింది. దీనికి తోడు అగ్గిపెట్టెల తయారీని చిన్న పరిశ్రమలకు ప్రత్యేకించిన వస్తువుల జాబితాలో చేర్చారు. పెద్ద కంపెనీ యంత్రంతో ఎంత చవకగా చేసినా, పన్ను కలిపేసరికి మన చేతిపని పెట్టె దానితో సమానంగా నిలబడేది. కోవిల్‌పట్టి, సాత్తూరు వీధులలో ఇన్ని కర్మాగారాలు పుట్టడానికి ఈ తేడా ఎంతో సాయపడింది.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. ప్రభుత్వం చేతిపనిని కాపాడింది గాని, ఆ చెయ్యి ఎవరిదో చాలాకాలం అడగలేదు. పెట్టెకింత అని కూలి లెక్క కట్టినప్పుడు తల్లి ప్రక్కన కూర్చున్న పిల్ల కూడా కూలీ అవుతుంది. తెల్లవారకముందే పల్లెలకు వచ్చి పిల్లలను ఎక్కించుకుపోయిన బస్సుల సంగతి పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 1986లో బాలకార్మిక నిషేధ చట్టం వచ్చింది. 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు శివకాశి కేసులో తీర్పు చెబుతూ, ప్రమాదకరమైన పనిలో పెట్టుకున్న ఒక్కొక్క పిల్లకు యజమాని ఇరవై వేల రూపాయలు సంక్షేమ నిధికి కట్టాలన్నది. ఆ ఇంట్లో పెద్దవారికి ప్రభుత్వం పని చూపించాలని, లేదా ఆ నిధికి అయిదు వేలు జమచేయాలని చెప్పింది. పిల్ల బడికి పోవాలంటే ఇంట్లో ఇంకొకరికి పని దొరకాలన్న సత్యాన్ని న్యాయస్థానం గుర్తించింది.

ఆ సత్యాన్ని అంతకు నలభై ఏళ్ళ ముందే గుర్తించినవారు విరుదునగర్‌లో పుట్టిన కామరాజ్ గారు. ఆకలితో ఉన్న పిల్ల బడికి రాదని తెలిసి, 1956లో మధ్యాహ్న భోజన పథకం మొదలుపెట్టారు. అగ్గిపెట్టెల సీమకు ప్రభుత్వం చేసిన గొప్ప సాయం ఏదని నన్నడిగితే, సుంకంలో రాయితీ కంటే ముందు ఆ అన్నం ముద్దనే చెబుతాను. రాయితీ పెట్టెను నిలబెట్టింది. అన్నం మనిషిని నిలబెట్టింది.

ఇక ఇటీవలి సంగతులకు వద్దాం. 2015 ఏప్రిల్‌లో చిన్న పరిశ్రమలకు ప్రత్యేకించిన జాబితాలో మిగిలిన చివరి ఇరవై వస్తువులను కేంద్రప్రభుత్వం తొలగించింది. ఊరగాయలు, కొవ్వొత్తులు, అగరువత్తులతో పాటు అగ్గిపెట్టెలు కూడా వాటిలో ఉన్నాయి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు చేతిపని పెట్టెలకు 5 శాతం, మిగిలినవాటికి 18 శాతం పన్ను పెట్టారు. పాత తేడా ఇంకా కొంత మిగిలింది. 2020 ఏప్రిల్ 1 నుంచి రెండింటికీ 12 శాతం అన్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి దాన్ని 5 శాతానికి తగ్గించారు. తగ్గినందుకు సంతోషమే. కాని ఒక్కటి గమనించండి. పన్ను తగ్గింది, చేతికీ యంత్రానికీ మధ్య ఉండిన తేడా మాత్రం తిరిగి రాలేదు. పన్ను పుస్తకంలో ఇప్పుడు చేతిపని అనే మాటకు ప్రత్యేకమైన విలువ లేదు.

గోడ మాత్రం మళ్ళీ లేచింది. చౌక లైటర్లు వచ్చి పడ్డాయి. పది రూపాయల లైటరు ఒకటి ఇరవై అగ్గిపెట్టెల వ్యాపారాన్ని మింగేస్తోందని 2022 సెప్టెంబరులో తమిళనాడు ముఖ్యమంత్రి కేంద్రానికి ఉత్తరం వ్రాశారు. 2023 జూన్ నుంచి ఇరవై రూపాయలలోపు ధర గల సిగరెట్టు లైటర్ల దిగుమతిని కేంద్రం నిషేధించింది. విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగిస్తున్నారన్న ఫిర్యాదు వచ్చాక, 2024 అక్టోబరులో ఆ భాగాల దిగుమతినీ ఆపింది. 2007లో రూపాయి అయిన పెట్టె, పధ్నాలుగేళ్ళు అక్కడే ఉండి, 2021 డిసెంబరులో రెండు రూపాయలయింది. రూపాయి పెంచడానికి పధ్నాలుగేళ్ళు పట్టే వ్యాపారంలో ఇలాంటి గోడ ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

అయితే గోడ కాపాడేది పరిశ్రమను. లోపల చెయ్యి పోయి యంత్రం వచ్చినా పరిశ్రమ పరిశ్రమే. పుల్లలు పేర్చే యంత్రాలు, నింపే యంత్రాలు మన ఊళ్ళలోనే తయారవుతున్నాయి. వాటిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. మందు గదిలో ప్రమాదం తగ్గితే, నడుము వంచి కూర్చునే బాధ తప్పితే అది మంచిదే. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. యంత్రం కొనడానికి యజమానికి అప్పు ఇస్తారు, సబ్సిడీ ఇస్తారు. ఇరవై ఏళ్ళు చట్రం పట్టిన ఆడమనిషికి ఆ యంత్రం నడపడం ఎవరు నేర్పుతారు? యంత్రం రాగానే దాని ప్రక్కన ఒక కుర్రవాడు నిలబడటం, ఆమె పెట్టెలు మోసే పనికో, ఇంటికో పోవడం జరిగితే, ఆ సాయం పరిశ్రమకు అందినట్టే గాని పనివారికి అందినట్టు కాదు.

పనివారికి సూటిగా అందిన సాయాలు లేకపోలేదు. 2021 మే నుంచి సాధారణ టౌను బస్సులలో ఆడవాళ్ళకు టిక్కెట్టు తీసివేశారు. నెలసరి కూలిలో బస్సు ఖర్చు ఎంతో తెలిసిన ఇల్లాలికి దీని విలువ తెలుసు. 2022 సెప్టెంబరులో మొదలైన పుదుమై పెణ్ పథకం క్రింద, ప్రభుత్వ బడిలో చదివి కాలేజీలో చేరిన ఆడపిల్లకు నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చారు. తల్లి చట్రం పట్టినా కూతురు పట్టనక్కరలేదని చెప్పడానికి ఇంతకంటే మంచి దారి ఏముంది? కోవిల్‌పట్టిలో 1984 నుంచి నేషనల్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. తూత్తుకుడిలో 2024 డిసెంబరులో చిన్న టైడల్ పార్కు తెరిచారు. విరుదునగర్ జిల్లాలో 1,052 ఎకరాలలో కేంద్రప్రభుత్వం వారి పి.ఎం. మిత్ర బట్టల పార్కుకు 2023లో ఒప్పందమైంది. చదువుకున్న పిల్ల చెన్నైకో, బెంగుళూరుకో, హైదరాబాదుకో పోకుండా ఇంటినుంచే పనికి పోయే రోజు రావచ్చు. కాని బట్టల పార్కులోనూ, కంప్యూటరు పార్కులోనూ ఇదే ప్రశ్న అడగాలి: రాయితీ భవనానికా, మనిషికా?

మన ఇళ్ళలో ఈ పరిశ్రమలో పెట్టుబడి పెట్టినవారున్నారు, పనిచేసినవారూ ఉన్నారు. అందుకే ఇద్దరికీ ఒక్కొక్క మాట చెప్పి ముగిస్తాను.

కర్మాగారాలు నడిపే పెద్దలకు: కొత్త యంత్రం దింపేటప్పుడు మీ దగ్గర పాతుకుపోయిన ఆడవాళ్ళలో ఇద్దరికైనా ముందు నేర్పించండి. మందు సంగతి, తేమ సంగతి వాళ్ళకు తెలిసినంత కొత్తగా వచ్చినవారికి తెలియదు. ఈ.ఎస్.ఐ., ప్రావిడెంటు ఫండు కట్టడం ఖర్చులా కనిపించవచ్చు. కాని పనివాళ్ళు దొరకడం లేదని మీరే అంటున్న రోజులలో అది మనిషిని నిలుపుకునే దారి.

ఇంట్లో కూర్చుని పెట్టెలు అతికించే అక్కలకు, అత్తమ్మలకు: మీ పేరు ఏ కర్మాగారం రిజిస్టరులోనూ ఉండకపోవచ్చు. కాని అసంఘటిత కార్మికుల కోసం తమిళనాడులో 1982 నాటి చట్టం క్రింద సంక్షేమ బోర్డులు ఏర్పడ్డాయి. పేరు నమోదు చేసుకున్నవారికి పిల్లల చదువుకు, వృద్ధాప్యానికి సహాయం పొందే వీలుంది. అడగనిదే అమ్మయినా పెట్టదు. ఫారం నింపడం కష్టమైతే కాలేజీలో చదివే మీ పిల్లలే నింపిపెడతారు.

మన సంఘం పెద్దలకు కూడా ఒక మనవి. పండుగలకు పందిరి వేసి, పిల్లలచేత పద్యాలు చదివిస్తున్నాం. అదే పందిట్లో ఒక బల్ల వేసి, ఇద్దరు చదువుకున్న కుర్రవాళ్ళను కూర్చోబెట్టి, వచ్చిన అమ్మలకు ఆ ఫారాలు నింపిపెడితే పండుగ శోభ ఏమీ తగ్గదు. మీ ఊళ్ళో ఎవరైనా ఇలాంటి ప్రయత్నం చేసి ఉంటే మాకు వ్రాయండి. వచ్చే సంచికలో తప్పక ప్రస్తావిస్తాం.