రంగస్థలానికి దారి కచేరి మీదుగానే ఉండాలా?

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలలోని తెలుగువారు ఎక్కడినుండో వలస వచ్చినవారు కారు. వారు అక్కడే పుట్టి, తరతరాలుగా ఆ నేలనే దున్నుకుంటున్నవారు. 1956లో రాష్ట్రాలను పునర్వ్యవస్థీకరించినపుడు గాని, 2007లో కోలారు నుండి విడదీసి చిక్కబళ్ళాపురం జిల్లాను ఏర్పరచినపుడు గాని వారు ఇల్లు కదలలేదు. బడిలోను, కచేరిలోను చోటు దక్కని వారి నుడికి ఇంటి తరువాత మిగిలిన పెద్ద నెలవు రంగస్థలం. పద్యనాటకం, భజన, కోలాటం, చెక్కభజన ఉన్నంతకాలం అక్కడి తెలుగుకు నలుగురి మధ్య వినబడే గొంతు ఉంటుంది. ఆ గొంతును నొక్కివేస్తున్నది భాషాద్వేషం ఒక్కటే అనుకుంటే మనం సగమే చూసినట్లు. మిగిలిన సగం కాగితాలలో ఉన్నది. ఈ నెల నేను రాయదలచినది ఆ కాగితాలను గురించే.

పల్లెలో కురుక్షేత్రం ఆడటమంటే ఇరవై, ముప్పై మంది కలిసి నెలల తరబడి చేసే పని. పగలంతా టమాటా తోటలోనో, పట్టుపురుగుల షెడ్డులోనో, ఆటో నడుపుతూనో గడిపినవారు రాత్రి భోజనాలయ్యాక హార్మోనియం మాస్టరు చుట్టూ చేరుతారు. పద్యం నోటికి రావాలి, రాగం కుదరాలి, ఎదుటివాని మాటకు మాట అందాలి. ఖర్చు కూడ చాలచోట్ల వేషం కట్టేవారిదే. కృష్ణునికి ఇంత, దుర్యోధనునికి ఇంత అని పంచుకుంటారు. మాస్టరుకు, డ్రెస్సులకు, సీన్లకు, ఆడవేషాలకు బయటినుండి వచ్చే కళాకారిణులకు, షామియానాకు, మైకుసెట్టుకు ఆ డబ్బే ఆధారం.

ఇక పోలీసుస్టేషనులో అనుమతి, మైకుకు వేరుగా అనుమతి, పంచాయతీ అంగీకారపత్రం, తాత్కాలిక విద్యుత్తుకు అర్జీ. ప్రభుత్వ ధనసహాయం కోరితే సంఘం నమోదుపత్రం, బ్యాంకు ఖాతా, లెక్కల తనిఖీ, జరిపిన కార్యక్రమాల ఫోటోలు. వీటన్నిటినీ మోసేది ఎవరు? కన్నడంలో అర్జీ రాయగలిగిన ఒక్కడే. తరచు అతడే ఆ బృందంలో మంచి నటుడు, పద్యం తెలిసినవాడు. నాటకం దగ్గరపడే కొద్దీ అభ్యాసానికి రావలసినవాడు తాలూకా కచేరి వరండాలో నిలబడి ఉంటాడు. రెండేళ్ళు మోసి, నిష్ఠూరాలు పడి, మూడవ ఏడు నాకెందుకు ఈ తలనొప్పి అంటాడు. ఆ ఏడు నాటకం ఉండదు. న్యాయవాదిగా నా దగ్గరకు వచ్చిన నాటక బృందాల తగాదాలలో వేషం ఎవరిదన్న వివాదాలు చాల తక్కువ. లెక్క ఎవరు చూశారు, బయానా ఎవరికి ఇచ్చారు, సంతకం ఎవరు పెట్టారు అన్నవే ఎక్కువ.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. నాటకం ఆడటానికి సంఘం నమోదు కానవసరం లేదు. నలుగురు కలిసి ఆడుకునే హక్కును రాజ్యాంగమే ఇచ్చింది. అయినా ధనసహాయం వస్తుందన్న ఆశతో ఊరూరా సంఘాలు నమోదు చేసుకుంటున్నారు. 1960 నాటి కర్ణాటక సంఘాల నమోదు చట్టం ప్రకారం ఏడుగురు చేరితే సంఘం ఏర్పడుతుంది. కాని తరువాత ఏటేటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గం జాబితాను, లెక్కలను రిజిస్ట్రారుకు సమర్పించాలి. ఏడాదికి ఒక్క నాటకం ఆడే బృందానికి ఇంత బరువు దేనికి? రెండేళ్ళు లెక్కలు దాఖలు చేయకపోతే ఏ సహాయం కోసం నమోదు చేసుకున్నారో దానికే అనర్హులయ్యే పరిస్థితి. ఊరికొక సంఘం అన్న ఈ మోజు నాకు నచ్చదు. మూడు తాలూకాలకు కలిపి ఒక్క సంఘం చాలు. బృందాలు బృందాలుగానే, తమ ఊరి పేరుతోనే ఉండి, ఒక్కొక్క దాని నుండి ఇద్దరేసి అందులో సభ్యులుగా చేరితే ఆ లెక్కల తనిఖీ, ఆ దాఖలా ఏడాదికి ఒక్కసారి అందరి తరఫున జరిగిపోతుంది.

ఇది ఊహ కాదు. కర్ణాటకలోనే హెగ్గోడులో కె.వి. సుబ్బణ్ణ గారు 1949లో నెలకొల్పిన నీనాసం 1985 నుండి తిరుగాట నడుపుతున్నది. నాటకం ఎంపిక, అభ్యాసం, రంగాలంకరణ, ప్రయాణం అంతా ఒకచోట కుదురుతుంది. ఏ ఊరివారు ఆ ఊరిలో వేదికను, ప్రేక్షకులను చూసుకుంటారు. పని ఎవరికి చేతనవుతుందో వారికే పంచారు. మనవైపు సురభివారి కథ వేరు. 1885లో కడప సీమలో మొదలైన ఆ నాటకాలు కుటుంబమే సమాజమై నడిచాయి. పద్దు రాసేవారు, తెర లాగేవారు, వేషం కట్టేవారు ఒకే వంటయింటి వారు. మన పల్లె బృందాలకు ఆ రక్తబంధం లేదు గనుక కాగితం మీద స్పష్టత ఉండక తప్పదు. అయితే అది ఒక్క కాగితం కావాలి, కట్ట కాకూడదు.

ఉమ్మడి సంఘం చేయవలసిన మొదటి పని తేదీల పట్టిక. ఒకే హార్మోనియం మాస్టరును ఒకే వారంలో మూడు ఊళ్ళవారు మాట్లాడుకోవటం, డ్రెస్సులు ఒకచోటికి చేరి మరొకచోటికి చేరకపోవటం ఏటా చూస్తున్నదే. ఏ ఊరు ఎప్పుడు ఆడదలచిందో ముందుగానే ఒక నోటుబుక్కులో చేరితే ఈ గొడవలు చాలవరకు పుట్టవు. రెండవది ఒక పుట ఒప్పందం. మాస్టరుకు ఎంత, బయానా ఎంత, వాన వచ్చి ఆట ఆగితే ఏమి చేయాలి, డ్రెస్సు చిరిగితే ఎవరిది భారం అన్న నాలుగు మాటలు తెలుగులో రాసి ఇరుపక్షాలు సంతకం చేస్తే చాలు. అందులో న్యాయవాది భాష అక్కరలేదు (ఈ మాట నేనే అంటున్నానంటే నమ్మండి).

మూడవది పుస్తకాల పెట్టె. చేతిరాతలో, జిరాక్సులో తిరుగుతున్న నాటకప్రతులు ఒకచోట ఉండాలి. ఎవరో హక్కులు అడుగుతారేమోనని భయపడేవారున్నారు. మన చట్టంలో గ్రంథస్వామ్యం రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ళు ఉంటుంది. జంటకవుల విషయంలో చివరగా మరణించినవారి నుండి లెక్క. తిరుపతిశాస్త్రి గారు 1920లో, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు 1950లో కన్నుమూశారు గనుక 2011 నుండి పాండవోద్యోగ విజయాలు అందరివీ. చిలకమర్తివారి గయోపాఖ్యానానికి, బలిజేపల్లివారి సత్యహరిశ్చంద్రకు కూడ గడువు తీరింది. కొత్త నాటకమైనా, ఔత్సాహిక బృందం టికెట్టు లేకుండా ఆడితే 1957 నాటి చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తున్నది.

ఈ సంఘమే రేపు ఇంకొక కచేరి కాదా అన్న ప్రశ్న న్యాయమైనది. అయ్యే ప్రమాదం ఉన్నది. కనుకనే ఏ నాటకం ఆడాలో, ఎవరు ఏ వేషం కట్టాలో చెప్పే అధికారం దానికి ఉండరాదు. కార్యదర్శి పదవి మూడు తాలూకాల మధ్య తిరగాలి. లెక్కలను ఏడాదికొకసారి తెలుగులో, అందరి ఎదుట బిగ్గరగా చదవాలి. చదువు రానివారికి అదే తనిఖీ. ఇంకొక మాట. పద్యనాటకంవారు ముందు వరుసలో కూర్చుని తమటె కొట్టే దళిత కళాకారులను, కోలాటం వేసే ఆడవారిని వెనుకకు నెట్టే సంఘమైతే అది పుట్టకపోవటమే మేలు. ఈ జిల్లా తమటె కళాకారుడు మునివెంకటప్ప గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అర్జీలు రాయగలవారు తక్కువగా ఉన్న బృందాలకే ఉమ్మడి సంఘం అవసరం ఎక్కువ.

ప్రభుత్వం చేయవలసినదీ ఉన్నది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా వినతి సమర్పించుకోవచ్చు. జిల్లాలోగాని తాలూకాలోగాని 15 నుండి 20 శాతం ఉన్న భాషా అల్పసంఖ్యాకులకు ముఖ్యమైన ప్రకటనలు, నియమాలు వారి భాషలోనూ అందాలన్నది దేశమంతా అంగీకరించిన రక్షణ. దానిని కనిపెట్టి ఉండటానికే 350-బి కింద 1957లో భాషా అల్పసంఖ్యాకుల కమిషనరును నియమించారు. కన్నడంతో మనకు తగువు లేదు. కైవారం తాతయ్య యోగి నారేయణ రెండు భాషలలోనూ పాడారు, రెండు భాషలవారూ ఆయనను కొలుస్తున్నారు. ఒకే అర్జీపత్రం మీద ఎడమవైపు కన్నడం, కుడివైపు తెలుగు ముద్రిస్తే ఎవరికి నష్టం? రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళు. పోలీసు, పంచాయతీ, విద్యుత్తు అనుమతులు మూడూ ఆ ఒక్క పత్రంతోనే, తాలూకా కచేరిలో ఒక్కచోటనే ఇవ్వాలని మనం అడగాలి.

అన్నిటికంటె తొందరగా తేలవలసినది రాత్రి ఆట సంగతి. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు నిషిద్ధం. సాంస్కృతిక, మత ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 వరకు సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నది. దీనిని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ రోజులేవో ముందుగా ప్రకటించాలన్నది కూడ నిబంధనలలోనే ఉన్నది. మరి ఆ రోజులలో మన నాటకాలరోజులు ఉన్నాయా అని అడిగినవారెవరు? ఒక్కొక్క ఊరు విడిగా అడిగితే వినరు. మూడు తాలూకాల బృందాలు కోతల తరువాత ఆడదలచిన తేదీలను ఒకే జాబితాగా కూర్చి, సంక్రాంతికి ఎంతో ముందే జిల్లాధికారికి తెలుగులోను, కన్నడంలోను ఇవ్వాలి. ముసాయిదా అర్జీని రెండు భాషలలోనూ నేను రాసి ఇస్తాను, రుసుము లేదు. తేదీలు మాత్రం మీరు ఒకచోట కూర్చుని తేల్చుకోవాలి.