నింద తల్లిది కాదు

1948లో అమెరికాలో మనోవైద్యురాలు ఫ్రీదా ఫ్రామ్-రైఖ్‌మన్ రాసిన ఒక వ్యాసం స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బుకు తల్లి తీరును కారణంగా చూపింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అక్కడి తల్లులు బిడ్డ జబ్బుతో పాటు ఆ నిందనూ మోశారు. మన ఊళ్లలో నేరాన్ని గాలికో, చేతబడికో, గ్రహాలకో అంటగడతారు. తల దించుకునేది మాత్రం ఇక్కడా ఇంటివాళ్లే.

మెదడు చెప్పే కథ వేరు. చనిపోయినవారి మెదళ్లను పరిశీలించిన పిట్స్‌బర్గ్ శాస్త్రవేత్తలు లీసా గ్లాంట్జ్, డేవిడ్ లూయిస్ 2000లో ఒక లెక్క బయటపెట్టారు. నుదుటి వెనక, ఆలోచనను దారిలో పెట్టే భాగంలో పిరమిడ్ ఆకారపు నాడీకణాలుంటాయి. వాటి కొమ్మల నిండా పక్క కణాల సందేశాలు అందుకునే సన్నని బొడిపెలుంటాయి. వాటినే స్పైన్లు అంటారు. మూడో పొర అడుగున ఉన్న కణాల మీద ఈ స్పైన్లు, ఆరోగ్యవంతులతో పోలిస్తే, స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో సగటున 23 శాతం తక్కువగా కనిపించాయి.

కణాలు కుప్పలుగా చచ్చిపోలేదు. వాటి మధ్య రాకపోకలు తగ్గాయి.

ఎందుకు తగ్గాయి? కౌమారంలో ప్రతి మెదడూ నాడీకణాల మధ్య అక్కర్లేని సంధులను, తోటమాలి కొమ్మలు కత్తిరించినట్టు, తొలగించుకుంటుంది. ఆ కత్తిరింపు అదుపు తప్పితే ఈ జబ్బు రావచ్చని ఇర్విన్ ఫైన్‌బర్గ్ 1982లోనే ఊహించారు. 2016లో హార్వర్డ్, బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు దానికి బలం చేకూర్చారు. సుమారు 65,000 మంది జన్యు సమాచారాన్ని జల్లెడ పడితే, ఆరో క్రోమోజోమ్‌లోని సీ4 జన్యువు కొన్ని రూపాల్లో ఉన్నవారికి ముప్పు ఎక్కువని తేలింది. రోగనిరోధక వ్యవస్థకు చెందిన ఆ జన్యువుకు ఎలుకల మెదడులో సంధుల తొలగింపులోనూ పాత్ర ఉంది. జబ్బు ఎక్కువగా ఇరవై ఏళ్ల ప్రాయంలోనే ఎందుకు బయటపడుతుందో చెప్పడానికి ఈ వివరణ బాగా అతుకుతుంది.

అలాగని ఇది ఇంకో ముద్ర కాకూడదు. 2019లో జపాన్‌లోని టోకాయ్ విశ్వవిద్యాలయ బృందం ఎక్స్-రేలతో నాడీకణాల కొమ్మలు సన్నబడి, మెలికలు తిరిగి ఉన్నాయని చూపింది. కానీ చూసింది నలుగురు రోగుల మెదళ్లే. 23 శాతం కూడా సగటు మాత్రమే. స్కాన్ తీసి ఫలానా మనిషికి స్కిజోఫ్రీనియా ఉందని తేల్చలేం. జన్యువు ముప్పును పెంచుతుందే గానీ తలరాత రాయదు.

కాలేజీకి వెళ్లే కొడుకు గది తలుపులు వేసుకుని, ఎవరో చెవిలో తిడుతున్నారని అంటే, తాయెత్తుల కోసం తిరుగుతూ పోగొట్టుకునే నెలలే అన్నిటికన్నా విలువైనవి. చికిత్స ఆలస్యమైనకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్‌లో తెలుగులోనే, ఉచితంగా మాట్లాడొచ్చు.