పాత చొక్కా వద్దు, అప్పు చీర వద్దు

"కూటికి లేకపోయినా సోకులకి తక్కువ లేదు."

మన పేట పిల్లోడు ఇస్త్రీ చొక్కా వేసుకుని రచ్చబండ దాటితే వినపడే మాట ఇది. ఆ మాట అనేవాళ్ళ ఇళ్ళల్లో బీరువాలెన్నో ఎవరూ అడగరు. మన ఒంటి మీది గుడ్డ మాత్రం ఊరందరికీ లెక్క.

ఈ లెక్క ఈనాటిది కాదు. చండాలుడు శవాల మీది గుడ్డలు కట్టుకోవాలని మనుస్మృతి పదో అధ్యాయంలో రాసుంది. 1928 నాటికే ఇండోర్ ప్రాంతంలో బలాయీ కులస్తులు జరీ అంచు తలపాగా చుట్టకూడదని, రంగు అంచు పంచె కట్టకూడదని అగ్రకులాలు హుకుం వేశాయి. బాబాసాహెబ్ 'కులనిర్మూలన'లో ఈ సంగతి రాశారు. పంచె అంచు చూసి కూడా కళ్ళు మండాయన్నమాట!

బట్టల సంగతి ఉద్యమ పత్రికలో ఎందుకని మన సంఘం వాళ్ళే కొందరు అడుగుతారు. 1927 డిసెంబరులో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టించిన బాబాసాహెబ్, ఆ సభకొచ్చిన ఆడవాళ్ళకు చీరకట్టు గురించి చెప్పారు. చూడగానే అంటరానివాళ్ళని గుర్తుపట్టేట్టు కట్టే పద్ధతి మానమన్నారు. గుడ్డ చిరిగినా ఫరవాలేదు, శుభ్రంగా ఉండాలన్నారు. అంతకు ఆరేళ్ళ ముందు, 1921లో, గాంధీగారు మధురలో చొక్కా విప్పి కొల్లాయి కట్టారు. విప్పడానికి ఆయనకు చొక్కా ఉంది. మనకేముంది విప్పడానికి?

ఇప్పుడు చట్టంలో మనకో ముక్క ఉంది. 1989 అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం, ఎస్సీ, ఎస్టీలు నలుగురిలో చెప్పులు తొడుక్కుంటే, కొత్తబట్టలు కట్టుకుంటే అడ్డుపడటం నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు, జరిమానా. మీ ఊళ్ళో ఎస్సైకి ఇది తెలియకపోతే తెలియజెప్పండి.

సరే, కట్టుకునే హక్కుంది. కొనేదెట్లా?

నేను ఏడో తరగతిలో ఉండగా మా అమ్మ పనికెళ్ళే ఆసామి ఇంట్లో గళ్ళ చొక్కా ఒకటి ఇచ్చారు. సంబరంగా వేసుకుని బడికెళ్ళాను. ఆ ఇంటి అబ్బాయిదీ మా తరగతే. "ఒరే, జేబు కింద ఇంకు మరకుంటది చూడు" అన్నాడు. ఉంది. తరగతంతా చూసింది. ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ ఇంకో సంగతి చెప్పింది. ఆ వారం కూలి డబ్బులడిగితే "మొన్న చొక్కా ఇచ్చాం గదే" అన్నారంట. రెండు రోజుల కూలి ఆ మరక చొక్కా కింద పోయింది.

అందుకే చెబుతున్నా, పెద్దిళ్ళ పాతబట్టలు తెచ్చుకోవద్దు. సంతలో డబ్బిచ్చి కొన్న పాత ప్యాంటు వేరు. దానికి ఎవరికీ దణ్ణం పెట్టక్కర్లేదు, ఎవరూ కూలి కోయరు.

ఆ పైవారం అమ్మ నాట్ల డబ్బుతో కట్ పీసు కొన్నది. మా పేట టైలరు బాబాయి చేతుల దగ్గరా, అంచు దగ్గరా గుడ్డ లోపలికి మడిచి కుట్టాడు. నేను పెరిగేకొద్దీ ఆ మడతలు విప్పుతూ వచ్చాడు. కాలరు చీకిపోతే విప్పి, లోపలి వైపు పైకి తిప్పి మళ్ళీ కుట్టాడు. తొమ్మిదో తరగతి దాకా అదే చొక్కా. ఇప్పటికీ నా చొక్కాల కాలర్లు అట్లాగే తిప్పించుకుంటాను. తెల్ల చొక్కాకి గంజి, నీలిమందు పెడితే ఎంతకు కొన్నావని ఎవరూ అడగరు. ఊడిన గుండీ బదులు వేరే రంగు గుండీ కుడితే మాత్రం అందరూ చూస్తారు. అంచు చిరిగిన చీరని పారేయకండి, కొత్త ఫాల్ వేస్తే ఇంకో రెండేళ్ళొస్తుంది.

పాతబట్టల కన్నా నాకు భయం వాయిదాల చీరలంటే. క్రిస్మస్ ముందు మూటలేసుకుని పేటలోకొస్తారు. బజార్లో 600 చీర 1000 అంటారు, వారానికి 100 చొప్పున పది వారాలు. మిరపకోతల డబ్బు చేతికొచ్చేసరికి సగం వాళ్ళదే. పండగ ఒకరోజు, వాయిదాలు రెండు నెలల పైనే. అక్కలారా, చీర వద్దనడం లేదు. ఆ పైన 400 ఎందుకివ్వాలి?

జీన్సు వేసుకునే కుర్రాళ్ళని మన పెద్దలే తిడుతుంటారు. నాకది నచ్చదు. అప్పు చేసి కొన్నావా అని అడగండి, అంతే.

మా పేటలో పోయినేడు పదకొండిళ్ళ వాళ్ళం కలిసి చీరాల పోయి చొక్కాగుడ్డ తాను ఒకటి తెచ్చుకున్నాం. చిల్లరగా కొనేదానికన్నా బాగా చౌకగా పడింది. బాబాయి కొడుకు అందరికీ కుట్టాడు, కుట్టుకూలి పూర్తిగా ఇచ్చాం. తీరా ఏప్రిల్ 14న పిల్లలందరూ ఒకే గుడ్డలో నిలబడితే బ్యాండు మేళంలా ఉన్నారని ఆడవాళ్ళు నవ్వారు. నిజమే, ఆ సంగతి మాకు ముందు తట్టలేదు. ఈసారి మూడు రంగుల్లో తెస్తాం.