పరభాషాధ్యయనము

వానలు కరవైన అనంతపురము సీమలో, చియ్యేడు గ్రామమున, 1914వ సంవత్సరమున పుట్టపర్తి నారాయణాచార్యులు జన్మించిరి. ఆయన బాల్యము పెనుగొండలో గడచెను. అచ్చటి సబ్-కలెక్టరు భార్యయగు పిట్ దొరసాని ఆయనకు ఆంగ్లసాహిత్యమును బోధించిరి. దేశాంతరమున కేగకయే ఆ బాలుడు ఆంగ్లమును ఆంగ్లేయుల నోటనే వినగలిగెను.

ఇటలీకో, ఫ్రాన్సుకో పోయినగాని ఆ దేశభాషలు రావని పలువురు తలతురు. అది సగమే నిజము. దేశము మారినంతనే భాష రాదు. పరదేశమున తనవారితోనే కూడి, తన భాషనే మాటాడుచు, ఇంటివంటనే వెదకుచు కాలము పుచ్చు విద్యార్థి, ఇల్లు కదలనివానితో సమానుడే. అంగడిలో బేరమాడి, తప్పులు పలికి, నలుగురు నవ్వినను వెనుదీయక మరల పలికినవానికే భాష వశమగును. సిగ్గు ఎందరి చదువును చెఱచినదో!

ఆచార్యులవారు తరువాత తిరువనంతపురమున మలయాళ నిఘంటు నిర్మాణమున పనిచేసిరి. ఒక్కొక్క మాటను జనులు ఎన్ని విధముల వాడుదురో వెదకి కూర్చుట నిఘంటుకారుని పని. ఆ జనుల నడుమ మెలగనివానికి అది అలవి కాదు. అంతటితో ఆయన తృప్తి నొందలేదు. విశ్వనాథ సత్యనారాయణగారి 'ఏకవీర'ను మలయాళములోనికి అనువదించిరి. పరభాషనుండి తెచ్చుకొనువారు పెక్కురు. తన భాషనుండి కొనిపోయి యిచ్చువారు అరుదు. అట్లు ఇయ్యవలెనన్న మొదట తన భాష చక్కగా వచ్చియుండవలెను గదా!

ఆయనకు తెలుగు ఎంతటిదనగా, బాల్యముననే 'పెనుగొండలక్ష్మి' యను కావ్యమును రచించిరి. పిమ్మట తాము విద్వాన్ పరీక్షకు చదువునప్పుడు ఆ కావ్యమే వారికి పాఠ్యగ్రంథమై యెదురైనది.