తుఫాను సాయం చేను చేసినోళ్లకే చేరాలి

పూడూరు మండల రైతులకు, కౌలుదారులకు, కూలీలకు, కొత్తగా గెలిచిన సర్పంచులకు, వార్డు సభ్యులకు విజ్ఞప్తి.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మర్నాటికి అది తెలంగాణ మీద ఉంది. వరంగల్, హనుమకొండల్లో కాలనీలు మునిగిపోవడం అందరం టీవీలో చూశాం. మన వైపు ఇళ్లు మునగలేదు. పడవలు రాలేదు, కెమెరాలూ రాలేదు. వాన మాత్రం వచ్చింది. కాయ పగిలి తెల్లగా విచ్చి, నేడో రేపో ఏరాల్సిన పత్తి మీద పడ్డది. కల్లంలో పోసిన వడ్ల మీద పడ్డది. నానిన పత్తి ఏమవుతుందో మీకు చెప్పాల్సిన పని లేదు.

మా ఊళ్లో ఒక అక్క నాలుగెకరాలు కౌలుకు తీసుకొని పత్తి పెట్టింది. భూమి ఆసామి హైదరాబాదులో ఉంటాడు. కౌలు సొమ్ము ఉగాదికే కట్టించుకున్నాడు. గింజలు, ఎరువులు, మందులు, కలుపు కూలీలు అంతా ఆమె అప్పే. వాన వెలిసినాక ఆ పత్తి ఏరి, ఇంట్లో మంచాల మీద పరిచి, ఫ్యాను పెట్టి ఆరబెట్టింది. పిల్లలు కింద పడుకున్నారు. ఆరిందనుకొని బండి కట్టించుకొని మిల్లుకు పోతే తేమ మిషను గుచ్చారు. పన్నెండు శాతం దాటితే కొనరు. మిషను పంతొమ్మిది చూపించింది. క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర పలకాల్సిన పత్తిని అడ్డికి పావుసేరు అమ్ముకొని వచ్చింది.

ఆ తరువాత పంట నష్టం రాసుకోవడానికి సారొచ్చాడు. చేను చూశాడు, ఫోటో తీశాడు. "పాసుబుక్కు ఎవరి పేరు మీదుంది?" అన్నాడు. ఆమె ఆసామి పేరు చెప్పింది. ఆ పేరే రాసుకున్నాడు. "మరి నేను?" అంటే, "నువ్వు రికార్డుల లేవమ్మా" అన్నాడు. ఆ సారును నేను తప్పుపట్టను. ఆయనకిచ్చిన కాగితంలో ఆమె పేరు రాసే గడే లేదు.

ఈ కరపత్రం ఆ గడి కోసం.

అక్టోబరు 31న ముఖ్యమంత్రి ఎకరాకు 10,000 రూపాయల పరిహారం ప్రకటించారు. మంచిది. ఆ పదివేలు ఎవరి ఖాతాలో పడాలి? వాన కురిసిన రాత్రి తన ఇంట్లో హాయిగా నిద్రపోయిన వాడి ఖాతాలోనా, టార్చిలైటు పట్టుకొని చేనుకు ఉరికిన వాళ్ల ఖాతాలోనా? పోయింది పట్టా పుస్తకం కాదు కదా. ఆసామికి కౌలు ముందే ముట్టింది. వాన అతని దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకుపోలేదు. అతనికి రైతు భరోసా పెట్టుబడి సాయం వస్తుంది, తుఫాను సాయమూ వస్తుంది. చేను చేసిన మనిషికి అప్పు మిగులుతుంది. వడ్డీకి తెచ్చిన అప్పుకు ప్రకృతి వైపరీత్యం అనే మినహాయింపు ఏ షావుకారూ ఇవ్వడు.

ఇది పొరపాటున జరిగింది కాదు. మన పహాణీలో ఒకప్పుడు అనుభవదారు కాలమ్ ఉండేది. చేను ఎవరి పేరున ఉన్నా, ఎవరు దున్నుతున్నారో అందులో రాసేవారు. ధరణి తెచ్చినప్పుడు ఆ కాలమ్ తీసేశారు. ఒక్క కలం పోటుతో రాష్ట్రంలోని కౌలు రైతులంతా ప్రభుత్వ లెక్కల్లోంచి పోయారు. సాగు చేసేవాడు ఎవడో తెలియని ప్రభుత్వం సాగు నష్టాన్ని ఎట్లా లెక్కగడుతుంది?

చట్టం లేదా అంటే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలి, ఆ కార్డు మీద బ్యాంకు అప్పు, పంట నష్ట పరిహారం అందాలి అని అందులో ఉంది. తెలంగాణలో ఆ చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేదు. మన ఊళ్లలో ఆ కార్డు చూసినోళ్లు ఎవరన్నా ఉంటే చెయ్యెత్తండి. ఇప్పుడు ప్రభుత్వంలో ఉన్నోళ్లు 2023 ఎన్నికల్లో కౌలు రైతుకు కూడా ఎకరాకు ఏడాదికి 15,000 ఇస్తామని హామీ ఇచ్చారు. 2025 జనవరి 26న రైతు భరోసా పథకం మొదలుపెట్టేనాటికి అది 12,000 అయింది, అదీ పట్టాదారుకే. అంతకుముందున్న ప్రభుత్వం కౌలు రైతును గుర్తించేదే లేదని పదేళ్లు చెప్పుకుంటూ వచ్చింది. 2023 మార్చిలో వడగళ్లు పడ్డప్పుడు మాత్రం ఎకరాకు పదివేలు, కౌలు రైతుకు కూడా అని ప్రకటించింది. అంటే కావాలనుకుంటే చేయొచ్చని వాళ్లకూ తెలుసు.

2020 అక్టోబరు గుర్తు తెచ్చుకోండి. 13న కాకినాడ దగ్గర వాయుగుండం తీరం దాటి మన మీదుగానే పోయింది. మన జిల్లాలో పత్తి, కంది కుళ్లిపోయాయి. మూసీ పుట్టేది మన అనంతగిరి గుట్టల్లోనే. ఆ నది హైదరాబాదు మీదుగా పోతుంది. అదే వాన అక్కడ ఇళ్లు ముంచింది. నగరంలో ఇంటికి 10,000 చొప్పున సాయం ప్రకటించారు, అందుకు 550 కోట్లు విడుదల చేశారు. తమిళనాడు, ఢిల్లీ ప్రభుత్వాలు విరాళాలు పంపాయి. నగర జనానికి సాయం అందడం న్యాయమే, నాకు దాని మీద కంటగింపు లేదు. కానీ అదే వానకు అదే నది ఎగువన పోయిన పంటకు ఏమిచ్చారు? రైతు స్వరాజ్య వేదిక కోర్టుకు పోతే, ఆ పంటలకు పరిహారం ఇవ్వాలని, కౌలు రైతులనూ లెక్కలోకి తీసుకోవాలని 2021 సెప్టెంబరులో హైకోర్టు గడువు పెట్టి ఆదేశించింది. ఆ ఏడాది పరిహారం చేతికొచ్చిందని చెప్పిన కౌలు రైతు మా ఊళ్లో నాకు ఒక్కరూ కనపడలేదు.

నగరంలో ఆ పదివేలు ఎట్లా పంచారో కూడా చూశాం. నోట్ల కట్టలు గల్లీ లీడర్ల చేతుల మీదుగా పోయాయి. ఎవరికిస్తున్నారో జాబితా లేదు. మునిగిన ఇంటోళ్లు ఎదురుచూస్తుంటే మునగని ఇంటికి డబ్బొచ్చింది, ఇచ్చిన దాంట్లో సగం గుంజుకున్నారు అని జనం రోడ్లెక్కారు. చివరికి ఎన్నికల సంఘం ఆపమంటే ఆగింది. జాబితా గోడ మీద లేని సాయం ఎక్కడైనా ఇట్లాగే అవుతుంది.

దేశమేదైనా ఇదే కథ. 2013 నవంబరు 8న హయాన్ తుఫాను ఫిలిప్పీన్స్‌ను కొట్టింది. ఆరువేల మందికి పైగా చనిపోయారు. టాక్లోబాన్ నగరం నేలమట్టమైంది. ప్రపంచమంతా కదిలింది. విమానాలు, యుద్ధనౌకలు, వైద్యులు, కోట్ల డాలర్లు వచ్చాయి. అయినా వేలకు వేలు ఆహార పొట్లాలు పంచకుండానే పాడైపోయాయని ఆ దేశపు ఆడిట్ సంస్థే తేల్చింది. బాధితులు ఊరుకోలేదు. మూడు నెలలు తిరక్కముందే పీపుల్ సర్జ్ అని సంఘం కట్టి, వేలమంది టాక్లోబాన్ వీధుల్లో నడిచారు. కుటుంబానికి 40,000 పెసోలు నేరుగా చేతికివ్వండని అడిగారు. వచ్చిన విదేశీ సాయం లెక్కలు అందరూ చూసేటట్టు ప్రభుత్వం అంతకుముందే, తుఫాను వచ్చిన నెలలోనే, ఇంటర్నెట్‌లో పెట్టింది. సర్వం కోల్పోయి గుడారాల్లో ఉన్నోళ్లు అడిగారు. మనకు ఇల్లుంది, ఓటుంది, పంచాయతీ ఉంది. మనం అడగలేమా?

మన తెలుగు నేల మీద కూడా అలా ప్రపంచాన్ని కదిలించిన తుఫాను ఒకటుంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన మింగింది. ప్రభుత్వ లెక్కలోనే పదివేల మంది పోయారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగారు. మదర్ థెరెసా వచ్చింది. విదేశాల నుంచి సాయం వచ్చింది, ఊళ్లకు ఊళ్లే కొత్తగా కట్టారు. ఆ తరువాత తీరం పొడవునా తుఫాను షెల్టర్లు లేచాయి, ముందుగా జనాన్ని తరలించే పద్ధతి వచ్చింది. 1990 మేలో మళ్లీ అంతటి తుఫాను వస్తే చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. ప్రాణాలు కాపాడే విషయంలో ప్రభుత్వం నేర్చుకుంది, ఎందుకంటే శవాలను ప్రపంచం చూసింది. చేలో నల్లబడ్డ పత్తిని ఎవరూ చూడరు. అందుకే నలభై ఎనిమిదేళ్లయినా పంట నష్టం లెక్క పాసుబుక్కు దాటలేదు.

ఇప్పుడు కోపంగానే ఒక మాట అంటాను. 2025 నవంబరు 28న దిత్వా తుఫాను శ్రీలంకను ముంచెత్తింది. కొలంబోలో ఉన్న మన విక్రాంత్, ఉదయగిరి నౌకలు ఆ రోజే సాయం దించాయి. వెంటనే విమానాలు పోయాయి. ఆపరేషన్ సాగర్ బంధు అని పేరు పెట్టారు. మన దేశం చేసిన గొప్ప పని అది. ఆపదలో ఉన్న శ్రీలంక వాళ్లను పాసుబుక్కు అడగలేదు, అడగకూడదు కూడా. మరి దామగుండం అడవిలో 2,900 ఎకరాలు అదే నౌకాదళపు స్టేషనుకు ఇచ్చిన మన మండలంలో ఒక ఆడమనిషి నాలుగెకరాల నష్టం ఆమె పేరున రాయడానికి ఏం అడ్డం? సముద్రం దాటి ఒక్క రోజులో సాయం చేయగలిగిన ప్రభుత్వానికి, మన్నెగూడ చౌరస్తా దాటి ఊళ్లోకి వచ్చి "ఈ చేను ఎవరు చేశారు?" అని అడగడం చేతకాదా?

బయటి నుంచి సాయం వస్తుందిలే అని ఎదురుచూడొద్దు. 2018లో కేరళ మునిగినప్పుడు విదేశీ ప్రభుత్వాల సాయం వద్దని కేంద్రం చెప్పింది. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టం సవరించి, విరాళం తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదన్నారు. ఊళ్లో పనిచేసే చిన్న సంఘాలకు దాంతో దారి మూసుకుపోయింది. అమెరికాలో ఉన్న మన పిల్లలు పదో పరకో పంపాలనుకున్నా ఎవరికి పంపాలో తెలియని పరిస్థితి. ఊరి జాబితా బయట ఉంటే వాళ్లకూ తెలుస్తుంది, సర్కారుకూ తెలుస్తుంది. 2025లో కేంద్ర నిబంధన ప్రకారం వర్షాధార పంటకు హెక్టారుకు ఇచ్చేది 8,500. ఎకరాకు మూడున్నర వేలు కూడా రాదు, అదీ 33 శాతం లేదా అంతకన్నా ఎక్కువ పోతేనే. ఆ మూడున్నర వేలు కూడా పక్కదారి పడితే ఇక మాట్లాడేదేముంది?

పేరు రాస్తే కౌలుదారు భూమి లాగేసుకుంటాడని కొందరు ఆసాములు భయపెడుతున్నారు. 2011 చట్టం చదవండి, కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదని స్పష్టంగా ఉంది. దొంగ పేర్లు ఎక్కుతాయంటారు. ఊరంతా కూర్చున్న సభలో ఎవడి చేను ఎవడు చేశాడో దాచగలిగే మొనగాడు ఎవడు? ప్రభుత్వం దగ్గర డబ్బు లేదంటారు. ఇచ్చే డబ్బే సరైన మనిషికి ఇవ్వమంటున్నాం, ఎక్కువ అడగడం లేదు.

2025 డిసెంబరులో మనం పంచాయతీలను గెలిపించుకున్నాం. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. సర్పంచులారా, మీ మొదటి సభలోనే ఈ పని పెట్టండి. మొంథా వానకు పంట పోయిన ప్రతి చేను సర్వే నంబరు, పట్టాదారు పేరు, దాని పక్కన సాగు చేసినోళ్ల పేరు, పోయిన పంట, వచ్చిన సొమ్ము, అది ఎవరి ఖాతాలో పడ్డదో రాసి పంచాయతీ గోడకు అంటించండి. వారం రోజులు ఉంచండి. అభ్యంతరం ఉన్నోళ్లు చెప్పనీయండి. సభ తీర్మానంతో కలెక్టరుకు పంపండి. పట్టాదారు ఖాతాలో పరిహారం పడి ఉంటే, అది సాగు చేసిన మనిషికి ఇప్పించే బాధ్యత తహసీల్దారు తీసుకోవాలని అదే తీర్మానంలో రాయండి. రాబోయే వానాకాలం విత్తనాలు పడకముందే 2011 చట్టం కింద కార్డులు ఇవ్వాలని కూడా రాయండి.

ఆసాములకు ఒక మాట. మీలో చాలామంది మంచోళ్లు, ఊరు తెలిసినోళ్లు. పరిహారం మీ ఖాతాలో పడితే చేను చేసినోళ్లకు ఇచ్చేయండి. అది మీ నష్టానికి వచ్చిన సొమ్ము కాదు.

కౌలుదారులారా, కూలీ అక్కలారా, వచ్చే గ్రామసభకు తప్పకుండా రండి. మీ చేను సర్వే నంబరు తెచ్చుకోండి. కౌలు కాగితం ఉంటే తెండి, లేకపోతే పక్క చేనోళ్లను ఇద్దరిని సాక్ష్యానికి వెంట తీసుకురండి. విత్తనాల బిల్లు, ఎరువుల చీటీ ఏదున్నా తెండి. మీ పేరు జాబితాలో ఎక్కేదాకా సభలోంచి లేవకండి.