చేతికీ చదువు చెప్పాలి

థియరీ పోయిందంటే "పోన్లే, మళ్ళీ రాసుకుంటుంది" అంటాం. అదే ప్రాక్టికల్స్‌లో పోయిందంటే ముక్కున వేలేసుకుంటాం. అవి ఊరికే వేసే మార్కులని మన నమ్మకం మరి!

మా అక్క కూతురు బి.ఫార్మసీ మొదటి ఏడాదిలో ఫార్మాస్యూటిక్స్ ప్రాక్టికల్ తప్పింది. నాలుగు గంటల పరీక్ష. ఎమల్షన్ చెయ్యమన్నారు. నాలుగు పాళ్ళు నూనె, రెండు పాళ్ళు నీళ్ళు, ఒక పాలు జిగురుపొడి. కల్వంలో నూనె, పొడి కలిపాక నీళ్ళు ఒక్కసారిగా పోసి, ఆపకుండా ఒకే వైపు గబగబా నూరాలట. టకటకమని చప్పుడొచ్చి తెల్లగా మారితే కుదిరినట్టు. ఇదంతా పిల్లకి నోటికొచ్చు. పరీక్షలో మాత్రం చెయ్యి వణికి నీళ్ళు కొంచెం కొంచెంగా పోసింది. నూనె పైకి తేలింది.

"ఏడాదంతా ఎన్నిసార్లు చేశావే?" అని అడిగాను.

"ఒక్కసారి పిన్నీ, అదీ గ్రూపులో. వాళ్ళు నూరారు, నేను రికార్డు రాశాను."

దస్తూరీ బాగున్న ఆడపిల్లకి రికార్డు అప్పగించడం మనవాళ్ళకి అలవాటే కదా! అరిసెలకి పాకం ఎప్పుడు దించాలో పుస్తకం చదివి ఎవరైనా నేర్చుకున్నామా? అమ్మ పక్కన నిలబడి "ఇదిగో, ఇప్పుడు" అంటేనే కదా తెలిసింది! ఈ పిల్లకి నీళ్ళు పోసేచోట తప్పిందని కూడా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఎఫ్ అన్న అక్షరం మాత్రం చేతిలో పెట్టారు. ఏ మెట్టు దగ్గర కాలు జారిందో చెప్పకుండా మళ్ళీ ఎక్కమంటే ఎలా? తప్పినవాళ్ళని విడిగా కూర్చోబెట్టి, చేస్తున్నది పైకి చెప్తూ చెయ్యమంటే తెలియనిదేదో, తెలిసీ భయపడుతున్నదేదో లెక్చరర్‌కి ఇట్టే అర్థమవుతుంది. ఒకరోజు కుదిరితే చాలదు, వారం ఆగి మళ్ళీ చేయించాలి. పై క్లాసు పిల్లలు తోడున్నా బెరుకు తగ్గుతుంది.

"పాపం ఆడపిల్ల, పాస్ చేసెయ్యొచ్చుగా" అంది మా అక్క. నేనొప్పుకోను. రేపు ఇదే పిల్ల మందుల షాపులో నిలబడుతుంది. పసిపిల్లల పారాసిటమాల్ చుక్కల మందులో సాధారణంగా 1 ఎం.ఎల్.కి 100 మిల్లీగ్రాములుంటుంది. సిరప్‌లో 5 ఎం.ఎల్.కి 125 ఉంటుంది. సిరప్ అనుకుని చుక్కల మందు 5 ఎం.ఎల్. పట్టిస్తే, బిడ్డ కడుపులోకి వెళ్ళేది నాలుగింతలు! సీసా మీద అక్షరాలు చదివి, కొలత చూపించి, తల్లి చేత తిరిగి చెప్పించుకోవడం కూడా చేతిపనే. దయతో వేసిన మార్కులు అక్కడ ఎందుకూ పనికిరావు.

ల్యాబ్ సాయంత్రాలు తెరిస్తే కెమికల్స్ ఖర్చని యాజమాన్యాలు అంటాయి. వేలకు వేలు ఫీజులు కడుతున్నది మనమే. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్ళినప్పుడు హాజరు, మార్కులతో సరిపెట్టకండి. మా అమ్మాయి తన చేత్తో తానే ఎన్ని ప్రయోగాలు చేసింది, తప్పినవాళ్ళకి ల్యాబ్ ఎప్పుడు తెరుస్తారు అని అడగండి.